ఓఆర్ఎస్ పొట్లం ఎక్కడి నుంచి వచ్చింది? పొరుగు దేశాలతో మన ఇచ్చిపుచ్చుకోవడాలు

గుండ్లకమ్మ
ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మార్కాపురం వైపు ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంగా చేస్తున్నాను. ఉద్యోగంలో చేరి పద్నాలుగేళ్లయింది. ఈ వారం జరిగిన ఒక సంగతి చెప్పి, మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను.

మా పరిధిలో ఒక తండా ఉంది. అక్కడ పది నెలల పాపకు రెండు రోజుల నుంచి నీళ్ల విరోచనాలు. నేను వెళ్లేసరికి కళ్లు లోతుకు పోయి ఉన్నాయి. పొట్ట మీద చర్మం వేళ్లతో పట్టి వదిలితే మడత వెంటనే సర్దుకోలేదు. ఏం పట్టిస్తున్నావమ్మా అని అడిగితే తల్లి మంచం కింద నుంచి రంగురంగుల డబ్బా ఒకటి తీసి చూపించింది. టౌన్‌లో మందుల షాపులో ఓఆర్ఎస్ అడిగితే అది చేతిలో పెట్టారట. చూస్తే తియ్యటి పళ్ల రసం. అప్పటికి నాలుగు డబ్బాలు పట్టించింది. వాళ్లాయన కూలి డబ్బులు దానికే పోయాయి, విరోచనాలు మాత్రం తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి.

నా బ్యాగులో పొట్లాలు ఉన్నాయి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకటి కలిపి చెంచాతో పట్టించడం మొదలుపెట్టాం. నిమిషానికో రెండు చెంచాలు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగడం, మళ్లీ పట్టించడం. మధ్యమధ్యలో తల్లి పాలు. నేను కదల్లేదు. సాయంత్రం పాప ఏడ్చింది, ఈసారి కళ్లల్లో నీళ్లు వచ్చాయి. పొద్దున ఏడ్చినప్పుడు ఆ నీళ్లు లేవు.

అప్పుడు ఆ తల్లి అడిగింది, "ఇంత చిన్న పొట్లం ఎవరు కనిపెట్టారక్కా?" అని. పద్నాలుగేళ్లుగా పంచుతున్నాను, నాకు తెలియదు. బంగ్లాదేశ్‌లో అని ఎప్పుడో ట్రైనింగ్‌లో విన్నట్టు గుర్తు. నిజమేనా? పక్క దేశాల నుంచి మనకు వచ్చినవి, మన దగ్గర నుంచి వాళ్లకు వెళ్లినవి ఇలాంటివి ఇంకా ఉన్నాయా? తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే వారం తండాలో తల్లులందరినీ కూర్చోబెట్టి మాట్లాడాలనుకుంటున్నాను.


చంపావతి
ఆదివారం, రాత్రి 10:32

అక్కా, ముందు మీకు దండం. నేను విజయనగరంలో పిల్లల డాక్టర్ని. ఒక్క మాట మాత్రం చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. కళ్లు లోతుకు పోయి, చర్మం మడత నెమ్మదిగా సర్దుకునే బిడ్డను పీహెచ్‌సీలో నాలుగు గంటలు కళ్లముందు ఉంచుకుని పట్టించడం మంచిది. కిలో బరువుకు 75 ఎంఎల్ లెక్కన ఆ నాలుగు గంటల్లో వెళ్లాలి. మీరు దగ్గరే కూర్చున్నారు కాబట్టి సరిపోయింది. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా ఇక ఆలస్యం చేయకుండా ఆస్పత్రికే.

ఇక మీ ప్రశ్న. ఒక్క ఊరిలో, ఒక్క మనిషి కనిపెట్టింది కాదు ఇది. కలకత్తాలో హేమేంద్రనాథ్ ఛటర్జీ అనే డాక్టరు 1953లోనే కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి బాగుచేసినట్టు లాన్సెట్ పత్రికలో రాశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఢాకాలోని కలరా పరిశోధన ల్యాబ్‌లో 1968లో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు అక్కడి సిబ్బందితో కలిసి పక్కాగా రుజువు చేశారు. అప్పటికి అది తూర్పు పాకిస్తాన్.

అసలు పరీక్ష 1971లో వచ్చింది. బంగ్లాదేశ్ విముక్తి యుద్ధం. కోటి మంది దాకా శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. సరిహద్దు పక్కన బంగావ్ అనే ఊళ్లో శిబిరాలు, అందులో కలరా. అక్కడి ఆస్పత్రిలో మంచాలు చాలక మనుషులు నేల మీదే పడి ఉన్నారు. సెలైన్ సీసాలు అయిపోతున్నాయి, ఎక్కించడం వచ్చినవాళ్లు నలుగురు కూడా లేరు. దిలీప్ మహలనోబిస్ అనే డాక్టరు అప్పుడొక నిర్ణయం తీసుకున్నారు. కలకత్తాలో ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ తూకం వేసి పొట్లాలు కట్టించి, శిబిరంలో డ్రమ్ముల్లో కలిపించారు. గ్లాసులతో పట్టుకెళ్లి తాగించింది నర్సులు కాదు, రోగుల అమ్మలు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు. అంతకుముందు నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న చోట, ఆయన చూసిన రోగుల్లో అది నాలుగు లోపుకు వచ్చింది. ఆయన 2022లో పోయారు. మరుసటి ఏడాది, 2023లో, పద్మవిభూషణ్ ఇచ్చారు.

పొట్లం ఎలా పనిచేస్తుందో తల్లులకు ఇలా చెప్పండి. విరోచనాల్లో పేగు ఉప్పును మామూలు దారిలో లోపలికి లాక్కోలేదు. కానీ గ్లూకోజ్ వెళ్లే తలుపు ఒకటి తెరిచే ఉంటుంది. గ్లూకోజ్ ఆ తలుపులోంచి వెళ్తూ ఉప్పును చెయ్యి పట్టుకుని తీసుకెళ్తుంది, ఉప్పు వెనకాలే నీళ్లు వెళ్తాయి. రెండూ సరైన పాళ్లలో ఉంటేనే ఈ పని జరుగుతుంది. చక్కెర మోతాదు మించితే నీళ్లు ఉల్టా పేగులోకి వస్తాయి. మీ తండా పాపకు జరిగింది అదే.


పాలకొల్లు అమ్మాయి
ఆదివారం, రాత్రి 10:50

మా నాయనమ్మ విరోచనాలైతే ఉప్పేసిన గంజి తాగించేది. డాక్టర్ గారూ, అది మూఢనమ్మకమా, నిజంగా పనిచేస్తుందా?


చంపావతి
ఆదివారం, రాత్రి 11:05

మూఢనమ్మకం అస్సలు కాదమ్మా. బియ్యంలో పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజ్‌గా మారుతుంది. ఢాకాలో బియ్యప్పిండితో చేసిన ఓఆర్ఎస్ మీద చాలా పరిశోధనలు చేశారు. కలరాలో విరోచనం పరిమాణం తగ్గిందని తేలింది. పొట్లం చేతిలో ఉంటే పొట్లమే. లేనప్పుడు మీ నాయనమ్మ గంజి చాలా మేలు. అందులో ఉప్పు మాత్రం తక్కువ వేయాలి.


మహాఖాలీ వీధి
సోమవారం, ఉదయం 7:15

మాది ఏలూరు. బట్టల ఫ్యాక్టరీ ఉద్యోగం మీద ఢాకాలో ఆరేళ్లున్నాను. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

మహాఖాలీలో ఒక ఆస్పత్రి ఉంది. పేరు పొడుగు, ఐసీడీడీఆర్,బీ అంటారు. రిక్షావాడికి ఆ పేరు చెబితే తెలియదు, "కలరా ఆస్పత్రి" అంటే తిన్నగా తీసుకెళ్లి గేటు ముందు దింపుతాడు. పైన డాక్టర్ గారు చెప్పిన ల్యాబే పెరిగి పెద్దదై ఇదయింది. మా రూమ్మేట్‌కి ఒకసారి విపరీతంగా వాంతులు, విరోచనాలు పట్టుకుంటే అర్ధరాత్రి తీసుకెళ్లాను. అక్కడి మంచాలు నేను ఎక్కడా చూడలేదు. ప్లాస్టిక్ షీటు పరిచిన మంచం, నడుం దగ్గర కన్నం, కింద బకెట్టు. ఎంత పోయిందో బకెట్టులో కొలిచి అంత తాగిస్తారు. ఎవరి కులం ఏంటి, జేబులో ఎంత ఉంది అని అడగలేదు. పక్క మంచం మీద ఒక తాత, ఆయన మనవరాలు గ్లాసు పట్టుకుని రాత్రంతా కూర్చుంది. మావాడు రెండో రోజుకి లేచి కూర్చున్నాడు.

అక్కడ పొట్లాన్ని "ఖాబార్ స్యాలైన్" అంటారు, అంటే నోటితో తీసుకునే సెలైన్ అని. మన దగ్గర కిళ్లీ కొట్లో షాంపూ పొట్లాలు వేలాడినట్టు అక్కడ ఇవి వేలాడుతుంటాయి. ఎండాకాలం రిక్షా తొక్కేవాళ్లు కూడా కొనుక్కుని బాటిల్లో కలుపుకుంటారు. చదువుకోనివాళ్లకూ దాని కథ తెలుసు. ఎలా తెలిసిందని మా ఆఫీసులో ఒక పెద్దావిడను అడిగాను. "మా చిన్నప్పుడు బ్రాక్ అక్కలు ఇంటికి వచ్చి అమ్మకు నేర్పారు" అంది. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఆవిడ చెయ్యి ముడిచి పిడికిలి చూపించిన తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.


గుండ్లకమ్మ
సోమవారం, మధ్యాహ్నం 2:20

తమ్ముడూ, ఆ బ్రాక్ అక్కల సంగతి ఇంకొంచెం చెప్పు. నాకు కావాల్సింది అదే. పొట్లం పంచడం తేలికే, తల్లి చేతికి నేర్పడమే కష్టం.


మహాఖాలీ వీధి
సోమవారం, రాత్రి 8:40

అక్కా, ఆవిడ చెప్పిందీ, తర్వాత నేను తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను.

బ్రాక్ అంటే అక్కడి స్వచ్ఛంద సంస్థ, ఫజ్లే హసన్ అబేద్ అనే ఆయన పెట్టారు. 1980 నుంచి 1990 దాకా పదేళ్లపాటు ఊరూరా తిరిగి కోటీ ఇరవై లక్షలకు పైగా ఇళ్లలో తల్లులకు నేర్పారు. ప్రతి తల్లికీ విడిగా, వాళ్ల ఇంట్లో, వాళ్ల గిన్నెతోనే. అర సేరు ఎక్కడి దాకా వస్తుందో ఆ గిన్నె మీదే గీత పెట్టేవారు. గుర్తుపెట్టుకోవడానికి పది విషయాలు చెప్పేవారు. తల్లి చేత కలిపించి చూసేవారు.

నన్ను ఆశ్చర్యపరిచింది జీతం పద్ధతి. ఎన్ని ఇళ్లు తిరిగారన్నది కాదు లెక్క. కొన్ని వారాల తర్వాత ఇంకొకరు వెళ్లి కొన్ని ఇళ్లలో అడుగుతారు. తల్లికి ఎన్ని విషయాలు గుర్తున్నాయి, ఆవిడ కలిపిన నీళ్లలో ఉప్పు సరిగ్గా ఉందా, దీన్ని బట్టి నేర్పినావిడకు డబ్బు. నీళ్లను సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపి ఉప్పు కొలిచేవారు.

మొదట్లో దెబ్బతిన్నారు కూడా. తల్లులు పాఠం అప్పజెప్పేవాళ్లు కానీ బిడ్డకు జబ్బు చేస్తే వాడేవాళ్లు కాదు. ఎందుకని ఆరా తీస్తే, నేర్పే అక్కల్లోనే చాలామందికి దాని మీద నమ్మకం లేదట. వాళ్లకు జబ్బు చేస్తే మాత్రలు మింగేవాళ్లు. అప్పుడు వాళ్లను కూర్చోబెట్టి, ఇది ఎలా పనిచేస్తుందో మొదటి నుంచి వివరించారు. మగవాళ్లకు చెప్పకపోవడం ఇంకో పొరపాటు. ఇంట్లో డబ్బు, నిర్ణయం వాళ్ల చేతుల్లో. తర్వాత సంతల్లో, మసీదుల దగ్గర మగవాళ్లతో కూడా మాట్లాడారు.


కొత్తపేట రావు
సోమవారం, రాత్రి 9:30

చదువుతుంటే సంతోషంగా ఉంది. కానీ ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీరు చెప్పేవన్నీ కొంతమంది మంచి మనుషుల పనులు. దేశాలు కలిసి చేసినవి ఏవి? దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ 1985లో ఢాకాలోనే పుట్టింది. శిఖరాగ్ర సమావేశం చివరిసారి జరిగింది 2014లో, కాఠ్‌మాండులో. ఆ తర్వాత లేదు. కోవిడ్ మొదలైనప్పుడు 2020 మార్చిలో వీడియోలో కూర్చుని అత్యవసర నిధి అన్నారు, మన దేశం కోటి డాలర్లు ఇస్తామంది. అక్కడితో ఊపు తగ్గిపోయింది.

ఇదే పని లాటిన్ అమెరికాలో చూడండి. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా, కోస్టారికా, పనామా. ఆరూ కలిపినా మన రెండు తెలుగు రాష్ట్రాల జనాభా అంత ఉండవు. ఈ ఆరు కలిసి 1949లోనే పోషకాహారానికి ఉమ్మడి పరిశోధన సంస్థ పెట్టుకున్నాయి. ఇన్‌క్యాప్ అంటారు, గ్వాటెమాలా సిటీలో ఉంది. పాలు కొనలేని ఇళ్లకు మొక్కజొన్న, పత్తి గింజల పిండితో ఇన్‌కపరీనా అనే జావ పొడి తయారుచేశారు. అక్కడ ఇప్పటికీ తాగుతారు. జనం రోజూ వాడే చక్కెరలోనే విటమిన్ ఏ కలిపారు. ఆ ఖండం దేశాలు 1970ల చివరి నుంచీ టీకాలను ఒక ఉమ్మడి నిధి ద్వారా కలిసి కొంటున్నాయి. చిన్న దేశం ఒక్కటే వెళ్తే కంపెనీ అడిగిన రేటు ఇవ్వాలి, అందరూ కలిస్తే బేరం కుదురుతుంది. రైతులు కలిసి లారీ మాట్లాడుకున్నట్టే.

మన దక్షిణాసియాలో ఇలాంటిది ఒక్కటైనా ఉందా? ఒకే రకం ఆకలి, ఒకే రకం రక్తహీనత, ఒకే వరదలు. సంస్థ మాత్రం ఎవరిది వారిదే. నా బాధ అది.


తార్నాక పాతకాపు
మంగళవారం, ఉదయం 6:50

రావు గారూ, మీ బాధ సరైనదే. కానీ పూర్తిగా ఏమీ లేదనడం మాత్రం న్యాయం కాదు. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చుట్టుపక్కలే నా జీవితం గడిచింది. ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను.

ఆ సంస్థ 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో మొదలుపెట్టింది. 1958లో హైదరాబాద్ వచ్చింది. మేం చూస్తుండగా దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల నుంచి డాక్టర్లు, పోషకాహార అధికారులు శిక్షణకు వచ్చేవారు. వాళ్లు మాతో క్యాంటీన్‌లో పప్పన్నం తిని, ఊళ్లలో పిల్లల చేతి చుట్టుకొలత తీయడం నేర్చుకుని వెళ్లేవారు. ఉమ్మడి సంస్థ అని బోర్డు లేదు. జరిగిన పనిలో కొంత మాత్రం అదే.

ఇంకొకటి, విటమిన్ ఏ. రేచీకటితో మొదలై కంటి నల్లగుడ్డు కరిగి చూపు పోయిన పిల్లలు మా రోజుల్లో వార్డులో కనిపించేవాళ్లు. ఒక తల్లి పిల్లాడిని తెచ్చి, "సాయంత్రమైతే కంచం తడుముకుంటాడయ్యా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది. ఆరు నెలలకొకసారి పెద్ద మోతాదు, రెండు లక్షల యూనిట్లు, నోట్లో పోస్తే చాలని ఇక్కడి పరిశోధనల్లో తేలింది. కాలేయం దాన్ని దాచుకుని నెమ్మదిగా వాడుకుంటుంది. 1970లో మన దేశంలో కార్యక్రమం మొదలైంది, బంగ్లాదేశ్ 1973లో మొదలుపెట్టింది. కొత్తగా పుట్టిన దేశం, చేతిలో డబ్బు లేదు, అయినా పిల్లల కళ్లకు ముందు చోటిచ్చింది. ఆ పని బంగావ్‌లో పొట్లం రుజువైన కాలంలోనే జరిగింది.

ఒకటి కలపాలి. సంస్థను ఎంతోకాలం నడిపిన సి. గోపాలన్ గారే చివరి దశలో, ఈ పెద్ద మోతాదులే శాశ్వతం కాకూడదు, ఆకుకూరలు, పాలు, గుడ్లు పిల్లల కంచంలోకి రావాలని గట్టిగా వాదించారు. నా మటుకు నేను ఆయన పక్షమే. మునగాకు పెరట్లో ఉండగా సీసా కోసం ఎదురుచూడటం ఎందుకు?


మర్రిగూడ
మంగళవారం, మధ్యాహ్నం 1:15

నల్లగొండ బిడ్డను. మా దగ్గర నుంచి బయట దేశాలకు పోయింది ఒకటి ఉంది, మీరెవ్వరూ చెప్పలేదు. నల్లగొండ పద్ధతి.

ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. మా మేనత్త నడుం వంగిపోయి నేలను చూసుకుంటనే నడిచేది. నలభై ఏళ్లకే. పిల్లల పళ్ల మీద గోధుమరంగు గీతలు, కాళ్లు దొడ్డిపోవుడు. బోరు నీళ్లే దానికి కారణమని తెలిసేసరికి ఎముకలు గట్టిపడిపోయినయి. అన్నంలో, పాలలో కాల్షియం తక్కువున్నోళ్లను అది ఇంకా తొందరగా పట్టుకుంటది. జొన్నన్నం, పచ్చడి తప్ప ఇంకోటి లేని ఇండ్లే ఎక్కువ దెబ్బతిన్నయి. అంటే ఇది నీళ్ల సమస్యనే కాదు, తిండి సమస్య కూడా.

నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో ఒక పద్ధతి కనిపెట్టింది. నీళ్లలో సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి, ముందు గట్టిగా, తర్వాత మెల్లగా కలిపి, తేరుకోనిస్తే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుగుకు దిగుతది. ఇంట్లో బకెట్టుతో కూడా చేసుకోవచ్చు. మా జిల్లా పేరే దానికి పెట్టిన్రు. ఆ పేరు ఇథియోపియా, కెన్యా, టాంజానియా దాకా పోయింది. మా కష్టం పేరుతో ఇంకొకరి కష్టం కొంచెం తగ్గితే అంతకంటే ఏం కావాలె?


కొత్తపేట రావు
మంగళవారం, మధ్యాహ్నం 1:40

తమ్ముడూ, ఆ దేశాల్లో అది పనిచేసిందా? పేరు వెళ్లడం వేరు, పని జరగడం వేరు కదా.


అదామా మాస్టారు
మంగళవారం, రాత్రి 11:20

దీనికి నేను జవాబు చెప్పగలను. ఇథియోపియాలో అదామా అనే ఊళ్లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పాను. మనవాళ్లు చాలామంది లెక్చరర్లుగా అక్కడికి వెళ్లారు, నేనూ వాళ్లలో ఒకణ్ని. సొంతూరు నకిరేకల్.

మొదటి రోజు క్లాసులో ఒక కుర్రాడు నవ్వాడు. పళ్ల మీద గోధుమ గీతలు. నాకు కాళ్లు ఆడలేదు. మా ఊరి బడిలో నా పక్కన కూర్చున్నవాడు నవ్వినట్టే ఉంది. అడిగితే వోంజీ నుంచి వస్తానన్నాడు. అదామా పక్కనే చెరకు తోటలు, చక్కెర ఫ్యాక్టరీ ఉన్న చోటు. అదంతా రిఫ్ట్ వ్యాలీ, అంటే నేల చీలి ఏర్పడిన పెద్ద లోయ. అగ్నిపర్వతాల రాళ్లలోంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. బోర్లు వేశాక తోట కూలీలకు ఎముకల జబ్బు వచ్చింది.

రావు గారు అడిగింది సూటి ప్రశ్న. నిజం చెబుతాను. కొన్నిచోట్ల పనిచేసింది, చాలాచోట్ల నిలబడలేదు. పటిక ఎక్కువ కావాలి, నీళ్లలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఇంకా కావాలి. ఎంత వేయాలో నీళ్లను బట్టి మారుతుంది, అది చూసి వేసే మనిషి రోజూ ఉండాలి. మిగిలిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో చిక్కు. మనిషి లేని చోట ట్యాంకు ఎండిపోయింది. కొన్నిచోట్ల ఎముకల బొగ్గుతో వడపోసే పద్ధతికి మారారు. మా నల్లగొండలో కూడా చివరికి సమస్య తగ్గింది పటికతో కాదు, కృష్ణా నీళ్లు పైపుల్లో ఇళ్లకు వచ్చాక.

అయినా నేను దాన్ని ఓటమి అనను. ఆ కుర్రాడికి నా పళ్లు చూపించాను. నాకూ ఆ గీతలు ఉన్నాయి. "మీ దేశంలో కూడానా?" అన్నాడు. తర్వాత వాళ్ల ఊరి నీళ్లు సీసాలో పట్టుకొచ్చి మా ల్యాబ్‌లో కొలిపించుకున్నాడు. ఊళ్లో ఉన్న మూడు బోర్లలో తక్కువ ఫ్లోరైడ్ ఉన్నది ఏదో తేల్చి, తాగడానికి, వాళ్ల రొట్టె ఇంజెరాకు పిండి కలపడానికి దాన్నే వాడమని వాళ్లమ్మకు చెప్పాడు.


గుండ్లకమ్మ
బుధవారం, ఉదయం 6:10

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా దగ్గర కూడా పొదిలి, దర్శి, కనిగిరి వైపు అదే కథ. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) గురించి మొట్టమొదట రాసింది 1937లో ఆ ప్రాంతం చూసే అని మా సీనియర్ మేడమ్ చెప్పేవారు, అప్పుడది నెల్లూరు జిల్లా కింద ఉండేదట.


చంపావతి
బుధవారం, రాత్రి 9:45

మేడమ్ చెప్పింది నిజమేనక్కా.

రావు గారూ, దేశాలు కలిసి చేసినవి ఏవని మీరు అడిగారు. కాలా అజార్ సంగతి చెబుతాను. ఇసుక ఈగ అనే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. నెలల తరబడి జ్వరం, ప్లీహం ఉబ్బి పొట్ట ముందుకొస్తుంది, మనిషి నల్లబడి చిక్కిపోతాడు. వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది. మట్టి గోడల పగుళ్లలో, పశువుల పాకల్లో ఆ పురుగు ఉంటుంది కాబట్టి పేదవాళ్లనే పట్టుకుంటుంది. తిండి సరిగా లేని ఒంటికి ఇంకా త్వరగా వస్తుంది. బీహార్, నేపాల్ తరాయి, బంగ్లాదేశ్ కలిసి ఉన్న నేల అది. రోగి నేపాల్‌వాడు, మందు తీసుకున్నది బీహార్‌లో. ఎవరి లెక్కలో రాయాలి? ఇటు మందు చల్లి అటు చల్లకపోతే ఏం లాభం?

2005లో భారత్, నేపాల్, బంగ్లాదేశ్ జెనీవాలో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఒకే లక్ష్యం, ఒకే కొలత. ఏడాదికి పదివేల మందిలో ఒక కేసు కంటే తక్కువకు తేవాలి. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో అక్కడికక్కడే తేల్చే కిట్లు వచ్చాయి, మింగే మందు వచ్చింది, తర్వాత ఒకే ఒక్క సెలైన్‌తో అయిపోయే మందు వచ్చింది. 2014లో భూటాన్, థాయిలాండ్ కూడా చేరాయి. 2023లో బంగ్లాదేశ్ ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిన మొదటి దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ప్రపంచం మొత్తంలో మొదటిది.

సార్క్ సమావేశాలు ఆగిపోయిన ఏళ్లలో కూడా ఈ పని నడిచింది.


కొత్తపేట రావు
బుధవారం, రాత్రి 10:20

ఒప్పుకుంటున్నాను డాక్టర్ గారూ. ఇది నాకు తెలియదు. ఒక్క జబ్బు, ఒక్క లక్ష్యం, లెక్క ఒకటే అనుకున్నప్పుడు జరిగిందన్నమాట. రక్తహీనతకు, పిల్లల ఎదుగుదలకు ఇలాంటి ఒప్పందం ఎందుకు ఉండకూడదు? టీకాలు కలిసి కొనే మాట మీద మాత్రం నేను వెనక్కి తగ్గను.


పాలకొల్లు అమ్మాయి
గురువారం, ఉదయం 8:05

గుండ్లకమ్మ అక్క చెప్పిన జ్యూస్ డబ్బాల మీద కూడా మాట్లాడండి. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజనీ సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు కదా. 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ, డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని చెప్పింది. మరి ఇంకా షాపుల్లో అడిగితే జ్యూస్ ఎందుకిస్తున్నారు?


చంపావతి
గురువారం, మధ్యాహ్నం 1:30

పేరు మారినా అలవాటు పోలేదమ్మా. పొట్లం చవక, డబ్బా ఖరీదు. బిడ్డకు జబ్బు చేసినప్పుడు తల్లి ఎక్కువ ఖరీదుదే మంచిదనుకుంటుంది. కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. ఇంతకుముందు ఇంకాస్త గాఢంగా ఉండేది, 2002లో తగ్గించారు.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో విరోచనాలైన పిల్లల్లో ఓఆర్ఎస్ అందింది నూటికి 60.6 మందికి, దాంతో పాటు వేయాల్సిన జింకు మాత్ర 30.5 మందికి. బంగావ్ మన నేల మీదే ఉంది. అక్కడ రుజువైన యాభై ఏళ్లకు కూడా నూటికి నలభై మంది పిల్లలకు ఆ పొట్లం అందలేదంటే నాకు రాత్రి నిద్ర పట్టదు.


గుండ్లకమ్మ
ఆదివారం, రాత్రి 9:55

ఇవాళ తండాలో కూర్చున్నాం. పంతొమ్మిది మంది తల్లులు, ఇద్దరు అత్తలు. మహాఖాలీ తమ్ముడు చెప్పినట్టు నలుగురు మగవాళ్లను కూడా బతిమాలి కూర్చోబెట్టాను. పాప కూడా వచ్చింది, అమ్మ ఒళ్లో ఉప్మా తింటూ.

పొట్లం లేకపోతే ఇంట్లో ఎలా చేసుకోవాలో చూపించాను. లీటరు నీళ్లు, తలగొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. చెప్పడం అయిపోయాక ఒక్కొక్కరి చేతా కలిపించాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. లీటరు అంటే ఎవరికీ ఒకే కొలత లేదు. ఒకావిడ చెంబు ముప్పావు లీటరు, ఇంకొకావిడది లీటరున్నర. చెంచాలూ అంతే. అందుకే వాళ్ల చెంబుల మీదే గోళ్లరంగుతో గీత గీశాను. ఢాకా పెద్దావిడ చెప్పింది ఇక్కడ పనికొచ్చింది.

కలిపాక అందరం రుచి చూశాం. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు, అది గుర్తు. ముగ్గురివి ఉప్పగా ఉన్నాయి, పారబోసి మళ్లీ కలిపించాను. ఎవరు కనిపెట్టారని అడిగిన తల్లికి బంగావ్ కథ చెప్పాను. "ఊరు విడిచి వచ్చినోళ్లా?" అంది. అవునన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత తన చెంబు తీసుకుని పక్కావిడకు తనే చూపించడం మొదలుపెట్టింది.

నెల తర్వాత మళ్లీ వెళ్లి, ఎంతమందికి గుర్తుందో చూస్తాను. ఒక సాయం కావాలి. అత్తలకు తెలుగు అంతగా రాదు. జింకు మాత్ర పద్నాలుగు రోజులు ఆపకుండా వేయాలని, విరోచనాలైనా తల్లిపాలు ఆపకూడదని వాళ్ల భాషలో చెప్పాలి. సుగాలి మాట వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?


మర్రిగూడ
ఆదివారం, రాత్రి 10:12

ఉన్నా అక్కా. మా దేవరకొండ దోస్తుకు అది ఇంటి భాష. రేపు పొద్దున వాడితోని మాట్లాడించి వాయిస్ మెసేజ్ పెడతా. మీ దిక్కు యాసకు కొంచెం తేడా ఉంటదేమో, ఆ పాప తల్లికి ఒకసారి వినిపించి చెప్పండి.